మీకు చదువు చెప్పిన సిస్టరమ్మ జీవితం రాయాలనుకుంటే

పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక సిస్టర్ పోయారని వార్త పడగానే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. దండం బొమ్మలు ఓ రెండు వందలు వస్తాయి, ఎవరో ఎప్పటిదో గ్రూప్ ఫొటో వెతికి పెడతారు, "ఆమె మీద ఒక పుస్తకం వెయ్యాలబ్బా" అని ఇంకొకరంటారు, అందరూ బొటనవేలు ఎత్తుతారు, మూడో రోజుకు మళ్లీ గుడ్ మార్నింగులు మొదలు. మా చిత్తూరు గ్రూపులోనూ అంతే అయింది, కాకపోతే ఆ "వెయ్యాలబ్బా" అన్నది నేనే కాబట్టి తప్పించుకోవడానికి దారి లేకపోయింది. అరవై పేజీల పుస్తకానికి పద్నాలుగు నెలలు పట్టింది, అందులో సగం వెతకకూడని చోట వెతకడానికే సరిపోయింది. మీకు ఆ సగం మిగిలితే చాలని ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. సిస్టర్లు తమ గురించి రాసుకోరు. మామూలు టీచర్ ఇంట్లో అయితే సర్టిఫికెట్ల ఫైలు, పెళ్లి ఫొటోలు, పాస్‌బుక్కు, సన్మాన పత్రాలు ఉంటాయి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే మనిషి మొత్తం బయటపడుతుంది. సిస్టర్ గదికి వెళ్తే రెండు జతల బట్టలు, జపమాల, ప్రార్థన పుస్తకం, శిలువ, మడత గొడుగు, అంతే. మా సిస్టర్ ట్రంకు పెట్టెలో ఆమె సొంత ఫొటో ఒక్కటి కూడా లేదు, పిల్లలవి మాత్రం ఉన్నాయి. కాబట్టి ఆమెను ఆమె గదిలో వెతక్కండి. పక్కవాళ్ల దగ్గర వెతకండి: ఆయాల దగ్గర, పాత స్టూడెంట్ల టీసీల్లో, తోటి సిస్టర్ల నోట్లో, చర్చి రిజిస్టర్ పక్క గీతల్లో.

ముందు ఆమె క్యాలెండర్ అర్థం చేసుకోండి

ఇది తెలియకే నేను మొదటి తప్పు చేశా. సిస్టర్ తమ్ముడు కేరళ నుంచి ఫోన్లో "అరవై ఒకటిలో మఠంలో చేరింది" అన్నారు, నేను "1961లో కన్యస్త్రీ అయ్యారు" అని రాసేసి డీటీపీకి కూడా ఇచ్చేశా. తర్వాత గోల్డెన్ జూబిలీ ఫొటో దొరికింది, వెనకాల బ్యానర్ మీద 2014. యాభై వెనక్కి లెక్కేస్తే 1964. అరవై ఒకటి ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. చేరడం వేరు, మాటపట్టు వేరు. అమ్మాయి మఠంలో చేరాక కొంతకాలం ఊరికే ఆ జీవితాన్ని చూస్తుంది, వాళ్లూ ఆమెను చూస్తారు. ఆ తర్వాత నొవిషియేట్, అది అసలు శిక్షణ. అది అయ్యాక మొదటి మాటపట్టు: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు వ్రతాలు, కొన్నేళ్ల గడువుకు. ఆ గడువు తర్వాత, తనకూ ఇష్టమై సభ (ఆమె చేరిన కన్యస్త్రీల సంఘం) వాళ్లకూ నమ్మకం కుదిరితే, జీవితాంతానికి నిత్య మాటపట్టు. ఇప్పుడు నడుస్తున్న 1983 నాటి చర్చి శాసనం ప్రకారం పదిహేడేళ్లు నిండనిదే నొవిషియేట్‌లో తీసుకోకూడదు, నొవిషియేట్ కనీసం పన్నెండు నెలలు ఉండాలి, తాత్కాలిక వ్రతాలు మూడేళ్లకు తక్కువ కాకూడదు, ఇరవై ఒకటి నిండనిదే నిత్య మాటపట్టు చెల్లదు. అంతకు ముందువాళ్లకు 1917 నాటి పాత శాసనం వర్తిస్తుంది. ఒక్కో సభకు సొంత నియమావళి కూడా ఉంటుంది కాబట్టి ఏళ్లు కాస్త అటూ ఇటూ అవుతాయి.

జూబిలీలను మామూలుగా మొదటి మాటపట్టు నుంచి లెక్కేస్తారు. ఇంట్లోవాళ్లేమో రైలెక్కించిన రోజు నుంచి లెక్కేస్తారు. వాళ్లకు పిల్ల దూరమైంది ఆ రోజే కదా. రెండూ నిజమే, రెండూ రాయండి, కానీ ఏది ఏదో చెప్పి రాయండి. ఒక కాగితం మీద నిలువుగా గీత గీసి పుట్టిన రోజు, చేరిన రోజు, మొదటి మాటపట్టు, నిత్య మాటపట్టు, పోయిన రోజు గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత దొరికే ప్రతి ముక్కనూ ఈ గీత మీద ఎక్కడ పడుతుందో చూస్తూ పోతే అబద్ధపు తేదీలు వాటంతటవే బయటపడతాయి.

పేరుతో జాగ్రత్త

ఊళ్లో ఒక పేరు, మఠంలో ఒక పేరు. పాత తరం సిస్టర్లలో ఇది మామూలు. మదర్ తెరెసా పుట్టినప్పటి పేరు ఆగ్నెస్ గోంజా బోయాజు, మఠంలో తీసుకున్నది తెరెసా. కేరళలోని సెయింట్ అల్ఫోన్సా అసలు పేరు అన్నకుట్టి. రెండో వాటికన్ మహాసభ, అంటే 1962 నుంచి 1965 వరకు జరిగింది కదా, అది అయ్యాక చాలా సభల్లో జ్ఞానస్నానం (బాప్తిస్మం) పేరే ఉంచుకునే పద్ధతి వచ్చింది, కొందరైతే పాత పేరుకు తిరిగి వెళ్లారు. దాంతో ఒకే మనిషి 1966 రిజిస్టర్‌లో ఒక పేరుతో, 1975 రిజిస్టర్‌లో ఇంకో పేరుతో ఉంటుంది, మనం ఇద్దరనుకుని ఒకరిని పుస్తకంలోంచి కొట్టేస్తాం. నేను కొట్టేశా కూడా, తర్వాత సంతకంలో ఒకే వంకర చూసి మళ్లీ కలిపా.

పేరు వెనకుండే అక్షరాలు కూడా వదలొద్దు. అవి డిగ్రీలు కావు, ఆమె ఏ సభ మనిషో చెప్పే గుర్తులు. జె.ఎం.జె. అంటే జీసస్, మేరీ, జోసెఫ్, 1822లో నెదర్లాండ్స్‌లో మొదలై 1904లో గుంటూరుకు వచ్చిన సభ. ఎఫ్.ఎం.ఎం. అంటే ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ, స్థాపకురాలు ఫ్రెంచావిడ అయినా సభ పుట్టింది మాత్రం 1877లో మన ఊటీలో. ఇంకో తిరకాసు ఏంటంటే సెయింట్ ఆన్ పేరుతోనే తెలుగునేల మీద ఒకటికి మించి సభలున్నాయి, వాటి మూలాలు వేరు, పెద్దలు వేరు. "సెయింట్ ఆన్స్ సిస్టర్" అనుకుని ఒక ప్రొవిన్షియల్ హౌస్‌కు (సభ ప్రాంతీయ కేంద్రానికి) నేను రాసిన ఉత్తరానికి ఎంతో మర్యాదగా జవాబొచ్చింది, ఆమె మావాళ్లు కాదమ్మా అని. రెండు నెలలు పోయాయి.

కాగితాలు ఎక్కడుంటాయి

అన్నిటికంటే సులువైనది మీ బీరువాలోనే ఉంది. మీ టీసీ, మీ ప్రోగ్రెస్ కార్డు. హెడ్‌మిస్ట్రెస్ సంతకం, తేదీ ఉంటాయి కదా, గ్రూపులో ఓ ముప్పై మందిని ఫొటో తీసి పెట్టమనండి, ఆమె ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నారో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. మార్కుల కింద రాసిన ఒక ముక్క రిమార్కులు మాత్రం బంగారం. నా ఏడో తరగతి కార్డు మీద "లెక్కలు రావు అనుకుంటోంది, వస్తాయి" అని ఉంది. ఆమె గొంతు నాకు ఇప్పటికీ అందులోనే వినిపిస్తుంది.

ఎయిడెడ్ స్కూలైతే సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది, అందులో పుట్టిన తేదీ, చేరిన తేదీ, చదువు అన్నీ ఉంటాయి. స్కూలు యాజమాన్యం తరఫున ఉండే కరస్పాండెంట్‌కు రాతపూర్వకంగా అడగండి. "మా సిస్టర్ గురించి" అని పెద్ద కథ రాయకుండా మీకు ఏ రెండు తేదీలు కావాలో అవే అడిగితే పని జరుగుతుంది.

కాన్వెంట్‌లో క్రానికల్ అని ఒకటి రాసే అలవాటు చాలా సభల్లో ఉంది. ఇంటి దినచర్య పుస్తకం లాంటిది: ఎవరొచ్చారు, ఎవరు బదిలీ అయ్యారు, ఏ పండుగ ఎలా జరిగింది, ఏ రోజు వాన పడి గోడ కూలింది. దాన్ని బయటివాళ్లకు ఇవ్వకపోవచ్చు, అది వాళ్లిష్టం. మీకు కావలసిన సంవత్సరాలు చెప్పి ఒక సిస్టర్‌ను చదివి చెప్పమంటే మాత్రం చాలామంది కాదనరు. ఒక సిస్టర్ పోయినప్పుడు ఆమె జీవితాన్ని క్లుప్తంగా రాసి సభలోని ఇళ్లన్నిటికీ పంపే ఆనవాయితీ కూడా చాలాచోట్ల ఉంది, ఆ లేఖ దొరికితే మీ పని సగం అయినట్టే.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి. క్యాథలిక్ చర్చిలో బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు రాసే రిజిస్టర్‌లో ఆ వరస పక్కనే, ఆ బిడ్డకు తర్వాత జరిగిన పెద్ద విషయాలు కూడా ఎక్కించాలని శాసనం: పెళ్లి అయితే పెళ్లి, గురువు, అంటే ఫాదర్, అయితే గురుపట్టాభిషేకం, కన్యస్త్రీ అయితే నిత్య మాటపట్టు. అంటే ఆమె పుట్టిన విచారణకు (ఆ ఊరి చర్చి పరిధిని వాళ్లు అలా అంటారు) వెళ్తే, ఏ తేదీలూ దొరకని మనిషికి కూడా ఒకే గీత మీద రెండు తేదీలు దొరకొచ్చు. మా సిస్టర్‌ది కేరళ కాబట్టి అక్కడి విచారణ గురువుకు ఉత్తరం రాశాం. మీ సిస్టర్ ఫిరంగిపురం లాంటి పాత క్యాథలిక్ ఊరి మనిషైతే బస్సెక్కి వెళ్లి రావచ్చు.

ఇక మన జిల్లా గొడవ. 1985లో శ్రీకాళహస్తిలో పనిచేసిన సిస్టర్ కాగితాల్లో చిత్తూరు జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు అది తిరుపతి జిల్లా, 2022 ఏప్రిల్ 4న వేరైంది. అసలు చిత్తూరు జిల్లాయే 1911లో పుట్టింది, అంతకు ముందు ఈ చుట్టుపక్కల చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది. చర్చి లెక్కలో మనది కడప మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం), అదీ 1976లోనే ఏర్పడింది, కాబట్టి అంతకు పాత చర్చి కాగితాలన్నీ కడపలోనే ఉంటాయని ఆశపెట్టుకోకండి. ఆ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్నా, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచ్ జెస్విట్ గురువులు మన పుంగనూరులో మిషన్ పెట్టారు. పుంగనూరు ఆవు తప్ప ఇంకేమీ తెలియని మనకు అదొక వింత. ఇంకో జాగ్రత్త, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం, వేలూరు సీఎంసీ లాంటి ఆస్పత్రులు ప్రొటెస్టెంట్ మిషన్ల పని. "మిషనరీలు" అని అన్నీ కలిపి ఒక పేరాలో కుక్కేస్తే చదివిన సిస్టర్లు నవ్వుకుంటారు.

అడగడం ఒక పని

ముందు సుపీరియర్‌కు, అంటే ఆ కాన్వెంట్ పెద్ద సిస్టర్‌కు, చెప్పండి, తర్వాతే మిగతావాళ్లతో మాట్లాడండి. ఇది లాంఛనం అనుకోకండి, వాళ్ల ఇల్లు అది. టైము కూడా చూసుకోండి. తెల్లవారుజామునే ప్రార్థన, పూజ, ఆ తర్వాత స్కూలు హడావుడి, మధ్యాహ్నం భోజనం అయ్యాక పెద్ద సిస్టర్లు కాస్త నడుం వాలుస్తారు, సాయంత్రం జపమాల. నాకు బాగా కుదిరింది మూడున్నర నుంచి ఐదు, కాఫీ వేళ. ఏడాదికోసారి మౌనధ్యానం ఉంటుంది, ఆ రోజుల్లో ఫోన్ చేసి ఎత్తలేదని అలగొద్దు. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో అసలు వెళ్లొద్దు. వెళ్లేటప్పుడు శాలువాలు, మెమెంటోలు వద్దు, తోతాపురి కాయలో, అరటిపళ్లో తీసుకెళ్తే అందరూ తింటారు.

"సిస్టర్ ఎలాంటివారు?" అని అడిగారా, అయిపోయింది. "చాలా మంచిది, ప్రార్థనాపరురాలు, ప్రేమమయి" అని మూడు మాటలొస్తాయి, ఆపైన నిశ్శబ్దం. నేను మొదటి నాలుగు ఇంటర్వ్యూలూ ఇలాగే పాడుచేసుకున్నా. పైగా ఒకటి నడుస్తున్న టేబుల్ ఫ్యాన్ పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేశా, రెండు గంటల గాలి వచ్చింది. ఐదోసారి "సిస్టర్‌కు ఏ కూర నచ్చేది కాదు?" అని అడిగా. ఎనభై దాటిన పెద్ద సిస్టర్ ఒకామె ముఖం వెలిగిపోయింది. కేరళ నుంచి వచ్చిన కొత్తలో మా సిస్టర్‌కు రాగిసంగటి గొంతు దిగేది కాదంట, నమలకుండా మింగాలని ఎవరూ చెప్పలేదు, ఒక గంట సేపు నములుతూ కూర్చుందంట. అక్కడ నుంచి మాటలు వాటంతటవే వచ్చాయి. వచ్చిన వారంలోనే ఎండకు దాహమేసి ఆయాను "వెళ్ళం, వెళ్ళం" అని అడిగిందంట. మలయాళంలో వెళ్ళం అంటే నీళ్లు. ఆయా పోయి మదర్ సుపీరియర్‌కు చెప్పిందంట, "యాడికో పోమంటా ఉండాది మా ఈ కొత్త సిస్టరమ్మ" అని. ఆ సిస్టరే పదేళ్లకు పిల్లల చేత వేమన పద్యాలు తప్పు లేకుండా అప్పజెప్పించుకుంది.

కాబట్టి చిన్నవి అడగండి. పొద్దున అసెంబ్లీలో ఎక్కడ నిలబడేది, కోపం వస్తే ఏమనేది, ఏ చేత్తో రాసేది, చాక్‌పీసు ఎంత చిన్నదయ్యే దాకా వాడేది, బదిలీ ఉత్తరం వచ్చిన రోజు ఏం చేసింది. ఆ బదిలీ గురించి తప్పకుండా అడగండి. విధేయత అన్న వ్రతానికి అర్థం తెలిసేది అక్కడే. ఇరవై ఏళ్లు పెంచిన స్కూలు, ఒక ఉత్తరం, ఒక ట్రంకు పెట్టె, జూన్‌లో ఇంకో ఊరు. మా సిస్టర్ చిత్తూరు వదిలిన రోజు పిల్లలు ఏడుస్తారని రాత్రి బస్సుకు వెళ్లిందని మేమందరం ఇన్నేళ్లు చెప్పుకున్నాం. తోటి సిస్టర్ చెప్పిందేమంటే, తనకే ఏడుపొస్తుందని.

ఆయాలను, వాచ్‌మన్లను, రిక్షా ఆయన బతికుంటే ఆయన్ను, అందరికంటే ముందు కలవండి. సిస్టర్లు ఆమె గురించి మర్యాదగా మాట్లాడతారు, స్టూడెంట్లు భక్తిగా మాట్లాడతారు, ఆయాలే ఉన్నది ఉన్నట్టు చెప్తారు.

ఒక ఉదాహరణ చెప్తా. మా స్కూలు స్టోర్ రూములో 1986 నాటి ఆరో తరగతి హాజరుపట్టీ దొరికింది. సిస్టర్ చేతిరాత, నీలం ఇంకు, అక్షరాలు సూది కుట్టు లాగా ఒకే ఎత్తు. కొన్ని పేర్ల ముందు, కొన్ని రోజుల గడుల్లో, పెన్సిల్‌తో చిన్న చుక్క. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూస్తే గానీ కనపడదు. ఫీజు బాకీ గుర్తనుకున్నా, అలాగే రాసుకున్నా కూడా. పాత ఆయాను చూపించి అడిగితే, "ఫీజు చుక్క ఎర్రింకు మా. ఈ పెన్సిలు చుక్క పొద్దున తినకుండా వచ్చిన బిడ్డకు. ఇంటర్వెల్‌లో ఆ బిడ్డను ఏదో పని చెప్పి వంటింటి తట్టు పంపేది, డస్టర్ తెమ్మనో, గంట చూసి రమ్మనో. వంటింట్లో నేనుంటా కదా, ఇంత ఉప్మా పెట్టి పంపేదాన్ని. మిగతా బిడ్డలకు తెల్దు" అంది. నేను పేజీ తిప్పా. ఆగస్టులో నా పేరు ముందు తొమ్మిది చుక్కలున్నాయి. ఆ నెల మా నాన్నకు పనిపోయిన నెల. ఆ రోజుల్లో నన్నే అన్నిసార్లు డస్టర్‌కు పంపుతోందంటే నేను లీడర్నని మురిసిపోయిన సంగతి కూడా గుర్తొచ్చింది.

ఇది పుస్తకంలో రాశా, నా చుక్కల గురించి రాశా, మిగతా పేర్లు ఒక్కటీ రాయలేదు, ఆ పేజీ ఫొటో కూడా వెయ్యలేదు. మీకూ ఇలాంటివి తప్పకుండా దొరుకుతాయి. ఆమె ముప్పై ఏళ్లు దాచినదాన్ని మనం అచ్చేసి బయటపెట్టకూడదు. ఎవరిదైనా పేరు వెయ్యాలంటే వాళ్లను అడిగి వెయ్యండి.

జీతం గురించి

చాలామంది "ఆమె జీతం కూడా తీసుకోకుండా సేవ చేసింది" అని రాస్తారు. ఆగండి. ఎయిడెడ్ పోస్టులో ఉన్న సిస్టర్‌కు మిగతా టీచర్లలాగే ప్రభుత్వ జీతం వస్తుంది. తేడా ఏంటంటే పేదరికం వ్రతం వల్ల అది ఆమెది కాదు, సభకు వెళ్తుంది, చెప్పులు కావాలన్నా ఆమె సుపీరియర్‌నే అడగాలి. ఈ తేడా మీద పెద్ద కేసే నడిచింది. వ్యక్తిగా మాకు ఆదాయమే లేదు కదా, జీతంలో టీడీఎస్ ఎలా కోస్తారని సిస్టర్లు, ఫాదర్ల తరఫున వాదించారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, జీతం వచ్చేది వ్యక్తి పేరు మీద కాబట్టి పన్ను కొయ్యాల్సిందే అంది. మన పుస్తకానికి ఆ తీర్పు అక్కర్లేదు గానీ, "జీతం లేకుండా" అని రాయకుండా "వచ్చిన జీతంలో ఒక్క రూపాయీ తనది కాకుండా" అని రాయడానికి పనికొస్తుంది. రెండో మాటే నిజం, బరువైనది కూడా అదే.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదలాలి

"ఫలానా జిల్లాలో పుణ్య దంపతులకు జన్మించిన..." అని మొదలుపెట్టారంటే రెండో పేజీకి ఎవరూ రారు. తరగతి గదిలో మొదలుపెట్టండి. పుట్టుక, ఇల్లు, పిలుపు తర్వాత ఎక్కడైనా వస్తాయి. అవును, పిలుపు గురించి తప్పకుండా రాయాలి, ఆమెకు సంబంధించినంత వరకు అన్నిటికీ మూలం అదే, మనం క్రైస్తవులం కాకపోయినా దాన్ని పక్కకు నెట్టి "సేవాభావం" అని నీళ్లు కలపకూడదు. నేను రోజూ గోవిందరాజస్వామి గుడి మీదుగా ఆఫీసుకు వెళ్లేదాన్ని, నాకు వాళ్ల పూజా క్రమం ఏమీ తెలియదు. తెలియని చోట అడిగి వాళ్ల మాటల్లోనే రాశా: దివ్యబలిపూజ, విచారణ, మాటపట్టు. మన మాటల్లోకి తిప్పి "దీక్ష", "ఆశ్రమం" అని రాస్తే చదవడానికి ఇంపుగా ఉంటుంది గానీ ఆమె ఆమెలా ఉండదు. మతం గురించి మా స్కూల్లో ఏం జరిగేదో కూడా జరిగినట్టే రాశా: క్యాథలిక్ పిల్లలు జ్ఞానోపదేశానికి వెళ్లేవాళ్లు, మేము మోరల్ సైన్స్‌కు, గంట కొట్టగానే అందరం ఒకే చింతచెట్టు కింద కలిసేవాళ్లం.

మధ్య సంవత్సరాలను మింగెయ్యకండి. ఇది అందరూ చేసే పొరపాటు. మదర్ తెరెసానే తీసుకోండి. 1929 జనవరిలో ఇండియాకు వచ్చారు, డార్జిలింగ్‌లో నొవిషియేట్, 1931లో మొదటి మాటపట్టు, కలకత్తా ఎంటాలీలోని సెయింట్ మేరీస్‌లో పాఠాలు, 1937లో నిత్య మాటపట్టు, 1944లో అక్కడే హెడ్‌మిస్ట్రెస్. వీధుల్లోకి వచ్చింది 1948లో, సొంత సభకు అనుమతి 1950లో. అంటే దాదాపు ఇరవై ఏళ్లు ఆమె లొరెటో సభ టీచరమ్మ, భూగోళం చెప్పిన టీచరమ్మ. ఆ ఇరవై ఏళ్లను అందరూ ఒక వాక్యంలో దాటేసి నీలం అంచు చీర దగ్గరికి పరిగెత్తుతారు. మన సిస్టర్ జీవితంలో అలా పరిగెత్తడానికి నీలం అంచు చీర లేదు, నోబెల్ లేదు, ఉన్నదంతా ఆ మధ్య సంవత్సరాలే. ఏటా అదే ఆరో తరగతి, అదే భిన్నాలు, కొత్త పిల్లలు. దాన్ని రాయడం కష్టం. ఒక మామూలు సోమవారం పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఏం చేసేదో ముగ్గురు నలుగురిని అడిగి గంట గంటకూ రాయండి, అదే ఒక అధ్యాయం అవుతుంది. మా పుస్తకంలో జనం ఎక్కువ చదివింది ఆ అధ్యాయమే.

మిషనరీ అన్న మాట దగ్గర కూడా కాస్త ఆలోచించండి. మిషనరీ అనగానే ఓడ దిగిన తెల్లావిడ కళ్ల ముందుకు వస్తుంది. కేరళ నుంచి చిత్తూరుకు వచ్చి, ఇంట్లో అమ్మ పోయినా దూరం వల్ల సమయానికి చేరలేకపోయిన మనిషిది కూడా అదే జీవితం. ఇంకో విచిత్రం, మిషన్ పనులన్నిటికీ పాలక పునీతురాలిగా 1927లో ప్రకటించిన, ఫ్రాన్స్‌కు చెందిన లిసియో తెరెసా తన మఠం గోడ దాటి మిషన్‌కు వెళ్లిందే లేదు. మదర్ తెరెసా తన పేరు తీసుకున్నది ఆమె నుంచే.

"సెయింట్", "పునీతురాలు" అని మాత్రం రాయొద్దు. మనకు అది పొగడ్త, వాళ్లకు అది శాసనపరమైన మాట. దానికి విచారణలు, అద్భుతాల నిరూపణ, మెట్టు మెట్టుగా పెద్ద వరసే ఉంది. మామూలుగా అయితే పోయిన ఐదేళ్ల దాకా మొదలే పెట్టకూడదు. మదర్ తెరెసాకు ఆ ఐదేళ్ల గడువు సడలించినా 1997లో పోయిన ఆమెను పునీతురాలిగా ప్రకటించింది 2016లో. అల్ఫోన్సా 1946లో పోతే 2008లో. మనవాళ్లు ఒకరు "నా చేతి మీద చెయ్యి వేసి ప్రార్థించింది, జ్వరం తగ్గింది" అని చెప్తే, ఆయన చెప్పినట్టుగా రాయండి, మీరు తీర్పు ఇవ్వకండి.

మఠం లోపలి గొడవలు, ఎవరెందుకు బయటికి వెళ్లారు, రోగాల వివరాలు, ఇవి నా చెవిన కూడా పడ్డాయి. వదిలేశా. అలాగని ఆమెను మైనపు బొమ్మను చెయ్యొద్దు. డ్రాఫ్టు అయ్యాక ఒక కాపీ తీసుకెళ్లి ఆమెతో పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న సిస్టర్‌కు చదివి వినిపించా. మొత్తం విని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మెచ్చుకుంటుందనుకున్నా. "అంతా బాగుంది కానీ, ఆమెకు ఎంత కోపమో ఎక్కడా రాయలేదే" అంది. స్కేలు ఎన్ని విరిగాయో, సారీ చెప్పడానికి వచ్చి సారీ చెప్పకుండా ఎలా తలుపు దగ్గర నిలబడేదో చెప్పింది. ఆ రాత్రే రెండు పేజీలు కలిపా. గ్రూపులో చాలామంది తమ స్కేలు దెబ్బలు అందులోనే గుర్తుపట్టారు.

ప్రెస్ విషయం ఒక్క ముక్క. మా ప్రెస్ వాళ్లు "మాటపట్టు"ను ఆరు చోట్ల "మాటకట్టు" చేశారు, ఆఖరి ప్రూఫ్ నేను చూడనందుకు. మీరు చూడండి, అదీ మఠం మాటలు తెలిసిన మనిషి చేత. కాపీలు ఎక్కువ వేయించకండి, మాకు మూడు వందలు సరిపోయాయి. ఒకటి ఆమె ఇంటివాళ్లకు, ఒకటి ప్రొవిన్షియల్ హౌస్‌కు, ఒకటి ఆమె పనిచేసిన ప్రతి ఊరి కాన్వెంట్‌కు, ఒకటి తప్పకుండా ఆయాకు, ఆమెకు చదువు రాకపోయినా. సేకరించిన ఫొటోలు తిరిగి ఇచ్చేటప్పుడు వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని రాసి ఇవ్వండి. బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపుకు ముద్ర పడుతుంది.